మూడు అసలు కాపీలు

సామాజిక కేంద్రం, ఆఫీసు గది
సోమవారం మధ్యాహ్నం

వదినకి,

వందనాలు. అందరం క్షేమం అని మొదలుపెట్టాలని కూర్చున్నాను గానీ, క్షేమం నీ వైపే ఉంది, ఇటు లేదు. ఫోను చేద్దామంటే నీకు వినబడదు. వినబడేలా అరిస్తే ఇక్కడ ముగ్గురు పాస్టరు అయ్యగార్లకీ వినబడుతుంది. అందుకే ఉత్తరం.

వచ్చే ఏడాదికి మన కేంద్రానికి యాభై ఏళ్ళు నిండుతాయి. చరిత్ర పుస్తకం వెయ్యాలని కమిటీ తీర్మానించింది. ఎవరు రాయాలి? రిటైరైన పంతులమ్మ ఒకతి ఖాళీగా ఉంది కదా, దాని నెత్తిన పడేద్దాం అన్నారు. ముగ్గురూ వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మూడు చర్చి సంఘాలకీ నువ్వు పెట్టిన పేర్లతోనే రాస్తాను, లేకపోతే నాకే గందరగోళం. బాప్తిస్మానికి నిండా నీళ్ళలో ముంచేవాళ్ళు, నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించేవాళ్ళు, ఆరాధనలో చప్పట్లు కొట్టేవాళ్ళు. మూడు వారాల్లో నేను రాసింది ఒకే ఒక్క వాక్యం: ‘యాభై ఏళ్ళ కిందట మూడు సంఘాలు కలిసి పాత కలప డిపోలో ఈ కేంద్రాన్ని స్థాపించాయి.’ ఇందులో నీకేమైనా తప్పు కనబడుతోందా? ముంచే అయ్యగారు, “మూడు సంఘాలు అంటే అందరూ సమానంగా కష్టపడ్డట్టుంది కదమ్మా” అన్నారు. చిలకరించే అయ్యగారు, “స్థాపించింది మేమమ్మా, మిగతావాళ్ళు తర్వాత వచ్చి చేరారు” అన్నారు. చప్పట్ల అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని చాలా సేపు ఆలోచించి, “కలిసి అన్న మాట అవసరమా?” అన్నారు. పదకొండు సార్లు తిరగరాశాను. నలభై మంది పిల్లలున్న తరగతిలో కూడా ఇంత విసిగిపోలేదు వదినా.

పుస్తకం సంగతి పోనీ. అసలు గొడవ వేరే ఉంది. పుస్తకంతో పాటు ‘చరిత్ర గది’ కూడా కావాలట. పాత ఫొటోలు, శంకుస్థాపన తాపీ, మొదటి కుర్చీలు అన్నీ అద్దాల వెనక పెట్టాలట. దానికి వెనకనున్న పిల్లల గది ఖాళీ చెయ్యాలట! ఇరవై రెండు మంది పిల్లలు, అందరూ నాలుగేళ్ళ లోపువాళ్ళే. తల్లులు ఆస్పత్రిలో నేలలు తుడిచేవాళ్ళు, లాండ్రీలో ఇస్త్రీ చేసేవాళ్ళు, ఒకామె బస్సు కండక్టరు. నిన్న ఆ కండక్టరు నా చెయ్యి పట్టుకుని, “గది తీసేస్తే దీన్ని ఇంట్లో పెట్టి బయట తాళం వేసి పోవాలి టీచరమ్మా. నాకింకో దారి లేదు” అంది. చంకలో పిల్ల నా కొంగు నములుతోంది.

వచ్చే నెల ఆఖరి శనివారం కమిటీ తేలుస్తుంది. మొదటి తీర్మానంలో పిల్లల గది గురించి ఏదో ఉందని అక్కడి ఆయా అంటోంది. ఆ కాగితం ఎవరి దగ్గరుందని అడిగితే ముగ్గురూ పక్కవాళ్ళని చూపిస్తున్నారు. ఆ రోజు టైపు చేసింది నువ్వే కదా! నీ దగ్గర కాపీ ఉందా? లేకపోయినా అందులో ఏముందో నీకు గుర్తుండకుండా ఉండదు. వెంటనే రాయి.

నీ ఆడపడుచు


మా ఇల్లు, కిటికీ పక్క మంచం
గురువారం

పంతులమ్మా,

నీ ఉత్తరం మా పాప గట్టిగా చదివి వినిపించింది. నీ కోపం దాని గొంతులో కూడా సరిగ్గా పలికింది. చిన్నప్పుడు నువ్వు ఎత్తుకుని పెంచిన పిల్ల కదా మరి.

నా మోకాళ్ళ సంగతి అడగలేదు, అయినా చెప్తాను. ఎడమది పొద్దున మొరాయిస్తుంది, కుడిది సాయంత్రం. రెండూ ఒకేసారి పనిచేసేది మధ్యాహ్నం భోజనం వేళకే. డాక్టరు నడవమంటాడు. నడిస్తే వాపు. వాస్తే నడవద్దంటాడు. ఇతను కూడా ఏదో ఒక కమిటీలో ఉండే ఉంటాడు.

ఆ రోజు సంగతి అడిగావు. డిపో యజమాని పోతూ పోతూ డిపోని మూడు సంఘాలకీ కలిపి రాసిపోయాడు. బతికినన్నాళ్ళూ ముగ్గురినీ నవ్వుతూ చూసినవాడు, పోయాక కూడా నవ్వుకుందామనుకున్నాడేమో. నేను ఆ డిపోలో టైపిస్టుని కాబట్టి సమావేశానికి కూర్చోబెట్టారు. పొద్దున పదింటికి మొదలైంది. ముందు ప్రార్థన ఎవరు చెయ్యాలన్న దానికే పదకొండున్నర అయింది. ముగ్గురూ చేశారు. ఒకరిని మించి ఒకరు పొడుగ్గా చేశారు. కుర్చీలు కలిసిపోతాయని నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగులు వేయించుకున్నది ఆ రోజే.

తీర్మానం టైపు చేసే వేళకి ఇంకో తంటా. కింద కార్బన్ పెట్టి ఒకేసారి మూడు తీద్దామనుకున్నాను. కార్బన్ కాపీ ఎవరికీ వద్దు! “మాకు అసలు, వాళ్ళకి నకలు” అని ప్రతివాళ్ళూ అన్నారు. అదే కాగితాన్ని మూడు సార్లు కొట్టాను. లోకంలో మూడు అసలు కాపీలున్న తీర్మానం ఇదొక్కటే అయ్యుంటుంది. కావాలంటే నీ పుస్తకంలో ఇది వేసుకో, జనం నవ్వుకుంటారు.

పిల్లల గది గురించి ఏం రాశారో నాకు గుర్తులేదు. ఆ కాగితం వెతక్కు. కొత్తగా వాళ్ళనే బతిమాలి చూడు.

వదిన


సామాజిక కేంద్రం, పిల్లల గది
మంగళవారం, పిల్లలు నిద్రపోయే వేళ

వదినా,

మోకాళ్ళ మీద ఏడు వాక్యాలు, పిల్లల గది మీద ఒకటి! అది కూడా ‘గుర్తులేదు’! మా పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టారో ఇప్పటికీ చెప్పే మనిషివి, నాకు చెవిలో పువ్వులు పెట్టకు. నీకు నచ్చని మాట వస్తే మోకాలు పట్టుకోవడం నీకు మొదట్నుంచీ అలవాటే.

సరే, నీ సాయం లేకుండానే దొరికింది! చరిత్ర గది కోసం చప్పట్ల సంఘం వాళ్ళ మొదటి అయ్యగారి ఫొటో దులుపుదామని ఆయా కిందికి దించింది. వెనక అట్ట ఊడింది. అట్టకీ ఫొటోకీ మధ్య మడత పెట్టిన కాగితం. మూడు సంతకాలు, నీ టైపు. ‘క’ అక్షరం ఎగిరి పడే ఆ మిషను నాకు గుర్తే.

అయిదో అంశం ఇలా ఉంది: ‘వెనుక గది పనికి వెళ్ళు తల్లుల పిల్లల సంరక్షణకే ఎల్లప్పుడూ ఉండవలెను. ఇందుకు ముగ్గురమూ ఏకమనస్సుతో అంగీకరించితిమి.’

ఏకమనస్సుతో! చదివి ఆయా నేనూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చినంత పని చేశాం. మొన్న టీ గ్లాసులు స్టీలువా గాజువా అన్న దానికి రెండు గంటలు కొట్టుకున్నవాళ్ళ పెద్దలు, ఒకనాడు పసిపిల్లల కోసం ఒక్కటయ్యారంటే నాకెంత గర్వంగా ఉందో! పుస్తకం మొదటి పేజీలో ఈ కాగితమే వేస్తాను. శనివారం కమిటీలో చదువుతాను. తమ పెద్దల మాట వీళ్ళెలా కాదంటారో చూస్తాను.

ఒక్క పని చేసి పెట్టు. ఆ క్షణం ఎలా ఉంది, ముందు ఆ మాట ఎవరు ఎత్తారు, మిగతా ఇద్దరూ ఎలా కరిగారు, రెండు పేరాలు రాసి పంపు. మోకాళ్ళ గురించి కాదు.

నీ ఆడపడుచు


మా ఇల్లు, అదే మంచం
శుక్రవారం

పంతులమ్మా,

వెతకొద్దన్నాను. విన్నావా? చిన్నప్పుడూ అంతే, డబ్బా మూత తియ్యొద్దంటే ముందు మూత తీసేదానివి.

రెండు పేరాలు అడిగావు కదా, రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఎవరూ కరగలేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు సాయంత్రం ఆరింటి దాకా వాళ్ళు ఏ ఒక్క దానికీ ఒప్పుకోలేదు. ఎవరు పట్టిన కుందేలికి మూడే కాళ్ళు. ఒకాయన డిపోలో ముంచడానికి నీళ్ళ తొట్టి కట్టాలన్నాడు, ఇంకొకాయన కట్టనివ్వనన్నాడు, మూడో ఆయన వేదిక కావాలన్నాడు. చివరికి వచ్చే నెల మళ్ళీ కలుద్దామని లేచారు. “అమ్మాయీ, మాట్లాడుకున్నవి టైపు చేసి సంతకాలు పెట్టించు, మాకు మాత్రం అసలు కాపీయే” అని చెప్పులు తొడుక్కున్నారు. యజమాని వీలునామాలో ఏముందో ముగ్గురూ మర్చిపోయారు. అరవై రోజుల్లో ముగ్గురూ కలిసి తీర్మానం చెయ్యకపోతే డిపో ఆయన మేనల్లుడికి పోతుంది. అరవయ్యో రోజు మర్నాడే.

నేను మిషను ముందు కూర్చున్నాను. మాట్లాడుకున్నవి టైపు చెయ్యాలంటే తిట్లు తప్ప ఏమున్నాయి? ఒప్పుకున్నట్టే రాశాను. కేంద్రం పెడుతున్నాం, ముగ్గురం సమానం, ఖర్చు మూడు వాటాలు, ఏడాదికొకరు అధ్యక్షత. నాలుగు అంశాలు నా బుర్రలోంచే వచ్చాయి. ఎలాగూ రాస్తున్నాను కదా అని అయిదోది కూడా రాశాను. మర్నాడు పొద్దున మూడు ఇళ్ళకీ తిరిగాను. “మిగతా ఇద్దరూ పెట్టారా?” అని ప్రతి ఒక్కరూ అడిగారు. “మీరు పెట్టాక పెడతామని ఆగారండీ” అన్నాను. ఆ మాట చాలు, కలం అందుకున్నారు. తన కాపీ మీద తన సంతకమే పైన ఉండాలన్న ఆరాటంలో ఒక్కరూ చదవలేదు. తర్వాత చదివితే చదవకుండా పెట్టామని ఒప్పుకోవాలి కాబట్టి, అప్పుడూ నోరెత్తలేదు.

ఇదీ నీ ఏకమనస్సు. అది నా ఒక్కదాని మనసు.

నువ్వు ఆ కాగితం కమిటీలో చదివి గది నిలబెట్టుకో, నేను కాదనను. కానీ నా అబద్ధాన్ని పుస్తకంలో అచ్చేసి, నూరేళ్ళు నిలిచే నిజం చెయ్యకు. నాకు డెబ్భై అయిదు దాటాయి. నెమ్మదిగా పోవాలనుంది. ఇందులో ఇంకో కాగితం పెట్టాను, కమిటీకి. జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. ముందు అది చదువు, తర్వాత తీర్మానం చదువు. గది ఉంచాలో వద్దో వాళ్ళనే తేల్చుకోమను. యాభై ఏళ్ళుగా ఎవరూ వాళ్ళని నిజంగా అడగలేదు.

వదిన


మా ఇంటి మెట్ల మీద
ఆదివారం, ఆరాధనకి వెళ్ళకుండా

వదినా,

నీకు ఏమని రాయను? నాలుగు రోజులు నీ మీద కోపంతో అన్నం సయించలేదు. నీ నెమ్మది కోసం ఇరవై రెండు మంది పిల్లల్ని వీధిలో పెట్టమంటావా అని మూడు ఉత్తరాలు రాసి మూడూ చింపేశాను. నీ కాగితం ముందు చదివితే గది పోతుంది. దాచేస్తే నిన్ను మోసం చేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి దాన్ని చేతిసంచిలో అడుగున పెట్టుకుని, చదవనని నిశ్చయించుకుని శనివారం వెళ్ళాను. తప్పే. ఒప్పుకుంటున్నాను.

నీలం, ఆకుపచ్చ, ఎరుపు కుర్చీల్లో ముగ్గురూ కూర్చున్నారు. తలుపు దగ్గర కండక్టరు పిల్లని చంకనేసుకుని నిలబడింది, డ్యూటీ మానుకుని వచ్చింది. నేను తీర్మానం చదివాను. అయిదో అంశం వినగానే ముగ్గురి ముఖాలూ వెలిగిపోయాయి. నేను కూడా లోపల స్తోత్రం అనుకున్నాను. అంతే, ఇక మొదలైంది!

“ఈ మాట మా మొదటి అయ్యగారిది. ఆయనకి పిల్లలంటే ప్రాణం” అన్నారు ముంచే అయ్యగారు.

“మీ అయ్యగారు ఆ రోజంతా నీళ్ళ తొట్టి గురించే మాట్లాడారని మా పెద్దలు చెప్పేవారు. ఇది మావారి మాటే” అన్నారు చిలకరించే అయ్యగారు.

“కాగితం ఎవరి ఫొటో వెనక దొరికిందో అది చూడండి ముందు” అన్నారు చప్పట్ల అయ్యగారు.

గంటన్నర! గది ఉంచాలా తీసెయ్యాలా అని ఒక్కరూ అనలేదు. పుస్తకంలో ఆ ఘనత ఎవరి పేరు మీద పడాలన్నదే గొడవ. కండక్టరు నిలబడే ఉంది. పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది వదినా. ముప్ఫై అయిదేళ్ళు పిల్లల మీద ఎత్తని చెయ్యి బల్ల మీద వేశాను. టీ గ్లాసులు ఎగిరి పడ్డాయి. సంచిలోంచి నీ కాగితం తీసి మొదటి నుంచి చివరి దాకా చదివేశాను. చదువుతుండగానే తెలుస్తోంది, నా చేతులారా గది పోగొడుతున్నానని. అయినా నోరు ఆగలేదు.

ముగించేసరికి ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారు. ముందు తేరుకున్నది ముంచే అయ్యగారు. “మా అయ్యగారు చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు” అన్నారు. “మావారు అసలే కాదు, రెండుసార్లు చదివేవారు” అన్నారు చిలకరించే అయ్యగారు. చప్పట్ల అయ్యగారు ఎంతో దయగా, “పాపం, పెద్దావిడ. వయసు మీద పడింది. కలలో చూసినవి జరిగినట్టు అనిపిస్తాయి” అన్నారు. మిగతా ఇద్దరూ తలలూపారు. యాభై ఏళ్ళలో ఈ ముగ్గురూ ఒక మాట మీద నిలబడటం నేను చూసింది ఇదే!

అప్పుడు నేను అడిగాను, “అయితే మీ పెద్దలు ముగ్గురూ చదివి, ఇష్టపడే ఒప్పుకున్నారు కదా?” అని. అవునన్నారు. “గది ఎల్లప్పుడూ పిల్లలకే అన్నారు కదా?” అవునన్నారు. “మరి ఇప్పుడు తీసేద్దామా?” అన్నాను. ఇక ఏమంటారు? గది పిల్లలకే ఉంటుందని కొత్తగా రాసి, నా కళ్ళ ముందే చదివించి, సంతకాలు పెట్టించుకున్నాను. ఈసారి కూడా కార్బన్ కాపీ ఎవరూ తీసుకోలేదు. మూడు సార్లు చేత్తో రాశాను. కండక్టరు నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

గది దక్కింది. నాకు సంతోషమే. కానీ నీ నిజాన్ని ముసలిదాని చాదస్తమని కొట్టిపారేశారు. పుస్తకంలో మూడు సంఘాల మూడు కథలూ వెయ్యాలట, నీది వద్దట. డెబ్భై అయిదేళ్ళకి ఒక్క నిజం చెప్తే దాన్ని కూడా నీకు దక్కనివ్వలేదు! రాత్రంతా అదే తలుచుకుని కుమిలాను.

వాళ్ళెవరూ అడగనిది నేను అడుగుతున్నాను. డిపో నిలబెట్టడానికి నాలుగు అంశాలు చాలు. ఉద్యోగం పోయే పని, పట్టుబడితే ఊళ్ళో తలెత్తుకోలేని పని. అంత తెగించి అయిదోది ఎందుకు రాశావు? ఈసారి మోకాలు పట్టుకోకు.

నీ ఆడపడుచు


మా ఇల్లు, వరండా
బుధవారం

పంతులమ్మా,

ఉత్తరాలు రాసిపెట్టే పాపని లోపలికి పంపేసి ఈసారి నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకో.

నన్ను నమ్మలేదని బాధపడకు. ముంచేవాళ్ళ అప్పటి పెద్దాయన చదవకుండా సంతకం పెట్టడమే కాదు, నా కలంతో పెట్టి ఆ కలం జేబులో వేసుకుపోయాడు కూడా. చెప్పాల్సింది చెప్పాను, వినడం వాళ్ళిష్టం. నేను నిన్న హాయిగా నిద్రపోయాను.

నువ్వు అడిగింది చెప్తాను. యాభై ఏళ్ళుగా చెప్పకపోవడానికి కారణం మీ అన్నయ్య. ఆయన మీద నీకున్న ప్రేమని చెడగొట్టడం నాకిష్టం లేక.

ఆ ఏడు నీకు పదకొండేళ్ళు. అత్తయ్య పోయి ఆరు నెలలు. పాపకి ఏడాది నిండలేదు. నా ఉద్యోగం మానితే ఇల్లు గడవదు. పాపని ఎవరు చూస్తారు? “చెల్లి చూస్తుంది, ఆడపిల్లకి ఆ చదువు చాలు” అని మీ అన్నయ్య బడిలో నీ పేరు కొట్టించేశాడు. నువ్వు ఒక్కమాట అనలేదు. అదే నాకు భరించలేనిది. అరిచి గోల చేసే పిల్లవి, నోరు మూసుకుని పాపని చంకనేసుకున్నావు.

సమావేశం ముందు రోజు మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి తొందరగా ఇంటికొచ్చాను. నువ్వు గోడకి ఆనుకుని కూర్చున్నావు, పాప ఒళ్ళో ఉంది. నేను పొయ్యి ముట్టించడానికి డిపో నుంచి తెచ్చే చిత్తు కాగితాలు ముందు పెట్టుకుని దానికి చదివి వినిపిస్తున్నావు. “టేకు దూలం, పన్నెండు అడుగులు. వేప చెక్కలు, నలభై. పగుళ్ళు ఉన్నవి వెనక్కి పంపవలెను.” కథ చెప్పినట్టు గొంతు మార్చి మార్చి చదువుతున్నావు. ఇంట్లో చదవడానికి ఇంకేమీ లేదు మరి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నాకప్పుడు మీ అన్నయ్య మీద, నా మీద, ఆ ఉద్యోగం మీద ఎంత అసహ్యం వేసిందో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు అయిదో అంశం రాశాను. ఆ గదిలో మొదటగా చేర్చిన బిడ్డ పాపే. అన్నయ్య మనసు మార్చుకున్నాడు, రేపట్నుంచి బడికి పో అని నీకు చెప్పాను. ఆయన మార్చుకోలేదు. నీ పేరు మళ్ళీ రాయించింది నేను. నెల రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. తర్వాత తనే సర్దుకున్నాడు, నీకు ఉద్యోగం వచ్చిన రోజు నాకంటే ఎక్కువ ఏడ్చాడు. కాబట్టి ఆయన్ని ఇప్పుడు తిట్టకు.

ఇరవై రెండు మంది పిల్లల కోసమని నువ్వనుకుంటున్నావు. అప్పుడు నా కళ్ళ ముందు అంతమంది లేరు. నువ్వొక్కదానివే ఉన్నావు.

వదిన


బస్టాండు, టిక్కెట్ల కిటికీ పక్క బెంచీ
శనివారం పొద్దున

వదినా,

ఈ ఉత్తరం నాకంటే ముందు చేరదని తెలుసు. నేనే చేత్తో ఇస్తాను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఎదురుగా నిలబడితే నాకు మాట రాదు.

అన్నయ్యని తిట్టనులే. నిన్నే తిడతాను. యాభై ఏళ్ళు! నా మొదటి జీతంతో అన్నయ్యకి చేతి గడియారం కొన్నాను, నువ్వు పక్కనే నిలబడి నవ్వుతున్నావు. నా రిటైర్మెంటు సభలో మైకు ముందు, “నన్ను చదివించింది మా అన్నయ్యే” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, నువ్వు మొదటి వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టావు. ఒక్కసారి కూడా నోరు జారలేదా నీకు? ఏం మనిషివి నువ్వు?

బస్సు వచ్చేసింది. పదింటికల్లా నీ గుమ్మంలో ఉంటాను. పాపని తలుపు తియ్యమనకు. ఏ మోకాలు మొరాయించినా సరే, నువ్వే లేచి వచ్చి తియ్యి. ముందు కడుపు నిండా తిడతాను, తర్వాత నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆపితే ఊరుకోను.

నువ్వు చదివించిన పిల్ల